ఆ ఊఁ ఫోనుకి కొట్టింది కాదు

నా పేరు గుత్తికొండ సీతారావమ్మ. భర్త పేరు బాపయ్య. ఆయన పోయి పదమూడేళ్ళయింది. నా వయసు డెబ్బై నాలుగు. తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం వృత్తి ఏమిటని బెంచి క్లర్కు కేశవులు గారు అడిగితే, మాట్లాడడం అన్నాను. ఆయన కలం ఆపి, నా మొహం చూసి, "ఏమీ లేదు" అని రాసుకున్నారు. రెండింటికీ పెద్ద తేడా లేదు కాబట్టి నేనూ అభ్యంతరం చెప్పలేదు.

నివాసం రాయచూరు తాలూకాలో థర్మల్ ప్లాంటు కాలనీ, మా అల్లుడు గోపీచంద్‌కి ఇచ్చిన క్వార్టరు. ఈ రోజు 2024 సెప్టెంబరు 3, మంగళవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి రాయచూరు కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు కన్నడం చదవడం వచ్చు, రాయడం రాదు. కేశవులు గారికి తెలుగు మాట్లాడడం వచ్చు, రాస్తే ఒత్తులు రావు. అందుకని నా చేత్తో నేనే రాయడానికి మేజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు. తర్వాత కన్నడంలోకి తర్జుమా చేయిస్తారట. "సంక్షిప్తంగా రాయండమ్మా" అన్నారు. పదో తరగతి పేపర్లలో సంక్షిప్త రచన ముప్ఫై నాలుగేళ్ళు దిద్దాను. ఒకరు రాసింది కుదించడం వచ్చుగాని, నాది నాకు ఎప్పుడూ కుదరలేదు.

రాసేముందు మేజిస్ట్రేటు గారు కొన్ని ప్రశ్నలు వేశారు. ఎవరైనా బెదిరించారా? లేదు. ఎవరైనా ఆశపెట్టారా? లేదు. ఇది చెప్పాలని నిర్బంధం లేదు, చెప్పకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, తెలుసా? తెలుసు. నేను చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరని ఇరవై ఎనిమిది రోజులుగా తెలుస్తూనే ఉంది. అందుకే వచ్చాను.

విషయం ఇది. ఆగస్టు 6న రాయచూరు నుంచి సిరవార వెళ్ళే బస్సు సడన్ బ్రేకు వేయడం వల్ల పున్నమ్మ అనే ఆవిడ పడి తుంటి విరిగింది. డ్రైవరు శరణప్ప ఫోనులో మాట్లాడుతూ బండి నడిపాడని కేసు. అతను ఫోనులో మాట్లాడలేదు. బ్రేకు ఊరికే వేయలేదు. ఆ రెండూ నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ముందు నేను ఆ బస్సులో ఎందుకున్నానో చెప్పాలి. అక్కర్లేదని కేశవులు గారు సైగ చేస్తున్నారు. అక్కరుంది.

ప్లాంటులో మూడు షిఫ్టులు. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. అల్లుడు కంట్రోలు రూములో పనిచేస్తాడు. మా అమ్మాయి హేమశ్రీ డిస్పెన్సరీలో నర్సు, ఆమెకీ షిఫ్టులే. ఇద్దరి షిఫ్టులూ కలిసిన వారం ఇల్లంతా నిద్ర. కలవని వారం సగం ఇల్లు నిద్ర. మా ఇంట్లో గడియారం ఏ గంట చూపించినా ఎవరో ఒకరికి అది అర్ధరాత్రి. వీధి తలుపుకి "బెల్ కొట్టవద్దు" అని అట్ట వేలాడుతుంది. అది నా అక్షరమే. కుక్కరు కూత వెయ్యక ముందే దించాలి. పప్పు ఉడికిందో లేదో వాసన చూసి చెప్పగలిగే స్థితికి వచ్చాను.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనలేదు. నిద్ర చాలనివాళ్ళు. ఒకనాడు నేను ఏదో చెప్పబోతుంటే మా అమ్మాయి పెదాల మీద వేలు పెట్టి, "మెల్లగా అమ్మా, ఆయన ఇప్పుడే కన్నుమూశారు" అంది. "అలా అనకే, కన్నుమూశారంటే అర్థం వేరు. కునుకు తీస్తున్నారు అనాలి" అని దిద్దాను. అలా దిద్దినందుకు అల్లుడు లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత నేను దిద్దడం కూడా మానేశాను.

కర్ణాటకలో ఆడవాళ్ళకి సర్కారు బస్సులో డబ్బులక్కర్లేదు. కార్డు చూపిస్తే సున్నా అని అచ్చు వేసిన టికెట్టు ఇస్తారు. అల్లుడు నా ఆధార్ కార్డు కాలనీ చిరునామాకి మార్పించాడు. ఈ ఏడాది ఏప్రిల్లో ఒకరోజు కళ్ళజోడు కాడ విరిగితే బాగుచేయించడానికి రాయచూరు వెళ్ళాను. అది అయిపోయాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. స్టాండులో కదలబోతున్న బస్సు ఎక్కాను. అది సిరవార వెళ్తుందని ఎక్కాకే తెలిసింది. సిరవారలో దిగి, టీ తాగి, మళ్ళీ అదే బస్సులో తిరిగి వచ్చాను. పోను గంటా ఇరవై నిమిషాలు, రాను గంటా ఇరవై నిమిషాలు. ఆ పూట నేను మాట్లాడినంత అంతకు ముందు నెలంతా కలిపి మాట్లాడలేదు. మరుసటి రోజూ వెళ్ళాను. ఆ మరుసటి రోజూ. అప్పటి నుంచి ఆగస్టు 6 దాకా, ఆదివారాలూ డ్రైవరు సెలవు రోజులూ తీసేసి, తొమ్మిది నలభై బస్సు ఒక్కటీ తప్పలేదు.

బస్సులో అరవై మంది ఉంటే యాభై మంది చెవుల్లో వైర్లుంటాయి. మిగతా పదిమంది కిటికీలకి తల ఆనించి నిద్రపోతారు. మొత్తం బండిలో చెవులు ఖాళీగా ఉండి, కళ్ళు తెరుచుకుని ఉన్నవాడు ఒక్కడే. డ్రైవరు. అతనికి అది రూలు.

నేను డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చునేదాన్ని. రెండో రోజే అడిగాను.

"నేను మాట్లాడుతుంటే నీకు ఇబ్బందా నాయనా?"

"ఏం ఇబ్బంది టీచరమ్మా! ఎండల రోడ్డు చూసి చూసి కండ్లు మూత పడ్తయి. నువ్వు మాట్లాడుతుంటే బరాబర్ తెలివి ఉంటది" అన్నాడు శరణప్ప. అతనిది రాయచూరు పాత తెలుగు. నేను టీచర్నని ఎలా తెలిసిందని అడిగితే, "సీటు మీద కూర్చునేటప్పుడే హాజరు పిలిచినట్ల చూసినవు" అన్నాడు.

కండక్టరు సిద్దప్ప నాకు సున్నా టికెట్టు చింపి ఇస్తూ, "అమ్మా, నీ టికెట్‌కి పైసల్లేవు సరే, మాటలకన్నా లగేజి టికెట్ కొట్టాల్సింది" అనేవాడు. నేను పడేదాన్నా? "కొట్టు నాయనా. అందులో ఒత్తులు మాత్రం సరిగ్గా వెయ్యి" అనేదాన్ని.

అద్దం పైన కన్నడంలో ఒక బోర్డు ఉంది: చాలకునితో మాట్లాడరాదు. చదవలేదని నేను చెప్పను. తెలుగు చదువుకున్నవాళ్ళకి కన్నడ అక్షరం కష్టం కాదు, తలకట్టు దగ్గరే తేడా. అది సరిగ్గా నా కళ్ళకెదురుగా ఉండేది. రోజూ చదివేదాన్ని. దానికి నాకు నేను చెప్పుకున్న సమాధానం కూడా రాసేస్తాను, దాచడమెందుకు. బోర్డులో ఉన్నది "తో". తృతీయా విభక్తి. నేను డ్రైవరుతో మాట్లాడడం లేదు, డ్రైవరుకి చెబుతున్నాను. అది షష్ఠి. మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే, అతను మాట్లాడడు. అతను ఊఁ అంటాడు, అంతే.

ఈ ఊఁ సంగతి కోర్టు వారు గమనించాలి. మన దగ్గర కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టడం ఒక పద్ధతి. ఊఁ అనకపోతే విననట్టు. పిల్లలకైనా అదే చెబుతాం, ఊఁ కొట్టు, లేకపోతే కథ ఆపేస్తానని. మా ఆయన నెలకి నాలుగు వాక్యాల మనిషి. కాని ముప్ఫై ఎనిమిదేళ్ళు వదలకుండా ఊఁ కొట్టాడు. పోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు నేను వాక్యం చివర కొంచెం ఆగేదాన్ని, ఆ ఊఁకి చోటు వదిలి. శరణప్ప రెండో రోజు దారిలో నేను అడగకుండానే ఆ చోటులో ఊఁ అన్నాడు. వెనక్కి తిరగకుండా, రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా అన్నాడు. అప్పుడప్పుడూ "ఆమేలె?" అనేవాడు. కన్నడంలో దాని అర్థం "ఆ తర్వాత?" అని.

నాలుగు నెలల్లో అతను నాతో అన్నవాటిలో నూటికి తొంభై ఈ రెండే.

ఇక ఆగస్టు 6, మంగళవారం. తొమ్మిది నలభైకి రాయచూరు స్టాండులో బస్సు కదిలింది. నేను నా సీట్లో ఉన్నాను. పది గంటల ముప్ఫై నిమిషాలప్పుడు శరణప్ప ఫోను ఒకసారి మోగింది. అది అతని సీటు వెనక తగిలించిన సంచిలో ఉంది, నా మోకాలికి జానెడు దూరం. సరిగ్గా కథ మధ్యలో మోగిందని నాకు చిరాకేసింది కాబట్టి టైము చూశాను. అతను దాన్ని తియ్యలేదు. చెయ్యి చాచలేదు. అటు చూడనైనా లేదు. అది మోగి మోగి ఆగిపోయింది. తర్వాత మోగలేదు.

పది నలభైకి నేను తెనాలి స్టేషను కథ ఎత్తుకున్నాను. అంతకు ముందు మూడుసార్లు చెప్పినదే. 1974 జూన్‌లో నాకు రేపల్లె లైనులో ఒక పల్లెటూళ్ళో మొదటి ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన రోజున మా ఆయన నన్ను రైలెక్కించాడు. రైలు కదిలాక చూసుకుంటే నా ఆర్డరు కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆ నోరు లేని మనిషి ప్లాట్‌ఫారం మీద పంచె ఎగ్గట్టి పరుగెత్తుతూ, కాగితం ఊపుతూ, రైలుని "ఆగండి! ఆగండి!" అన్నాడు. రైలుకి మర్యాద ఇచ్చిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

సిరవార ఇంకా రెండు కిలోమీటర్లుందనగా కాలువ వంతెన వస్తుంది. కాలువ నిండా నీళ్ళున్నాయి. నాట్ల రోజులు కదా, వరినారు వేసుకున్న ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. వంతెన ఇరుకు. శరణప్ప ఊఁ అనడం మందగించింది. ఒక చోట అసలు అనలేదు. అతను దారి చూసుకుంటున్నాడు, అతని పని అతను చేస్తున్నాడు. నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, ఇతను వినడం లేదు. తరగతిలో వెనక బెంచీ తూగుతుంటే టీచరు ఏం చేస్తుందో అదే చేశాను. గొంతు పెంచాను. మా ఆయన పరుగెత్తిన చోటికి వచ్చాను. అప్పటికి బస్సు వంతెన దాటింది. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది.

"ఆగండి! ఆగండి!" అని అరిచాను. అభినయంతో అరిచాను. చెయ్యి కూడా ఊపాను.

శరణప్ప బ్రేకు తొక్కాడు.

నాలుగు నెలల్లో నేను అన్న మాటల్లో అతను పూర్తిగా నమ్మి, ఆ క్షణమే ఆచరించిన మాట అదొక్కటే.

పున్నమ్మ కాలువ కింద క్యాంపులో, అంటే ఆంధ్రా రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్ళో, ఉంటుంది. రాబోయే స్టాపులో దిగాలని అప్పుడే లేచి నిలబడింది. ఒక చేతిలో ఖాళీ పాలక్యాను ఉంది. ఆమె మూడో వరుస దగ్గర్నుంచి విసిరేసినట్టు వచ్చి నా సీటు పక్కనే పడింది. క్యాను డ్రైవరు కాళ్ళ దాకా దొర్లింది. నా నుదురు ఎదుటి కడ్డీకి కొట్టుకుంది, నాలుక కరుచుకున్నాను. ఆమె నా పాదం పట్టుకుని, "అక్కయ్యా, నా కాలు నాది కానట్టుందే" అంది. అప్పుడు టైము పది గంటల యాభై రెండు నిమిషాలు.

శరణప్ప ఇంజను ఆపి దిగి, రోడ్డంతా చూశాడు. చక్రాల కింద వంగి చూశాడు. "ఎవరు? ఎవరు అడ్డమొచ్చిండ్రు?" అని అడుగుతున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. గొర్రె కూడా రాలేదు.

పోలీసులు పన్నెండుంబావుకి వచ్చారు. అప్పటికి పున్నమ్మని ఆటోలో ఆసుపత్రికి పంపేశారు. ఒక కానిస్టేబులు కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ పేరూ, చూసిందీ అడుగుతున్నాడు. నా వంతు వచ్చింది. శరణప్ప నాకు అయిదారు అడుగుల దూరంలో, బస్సు మెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను నిద్రపోతున్నాను. ఏమీ చూడలేదు" అన్నాను.

రెండు వాక్యాలు. చాలా సంక్షిప్తంగా ఉన్నాయి. రెండూ అబద్ధాలు.

శరణప్ప నా వంక చూశాడు.

ఎందుకు అబద్ధం చెప్పారని మేజిస్ట్రేటు గారు ఇప్పుడే అడిగారు. భయం అని రాసుకుంటే సరిపోతుంది, కాని ఏం భయమో కూడా రాస్తాను. జైలు భయం కాదు. అల్లుడు ఏమంటాడోనని కాదు. రేపటి నుంచి ఆ ముందు సీట్లో నన్ను కూర్చోనివ్వరని. ఒక మనిషి తుంటి విరిగి ఆసుపత్రికి పోతే, నేను నా సీటు గురించి ఆలోచించాను.

తర్వాత పదిహేను రోజులు నేను బస్సెక్కలేదు. ఇంట్లో కూడా మాట్లాడలేదు. మూడో రోజున మా అమ్మాయి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది. జ్వరం లేదు. "పోనీలే, ఇప్పుడు కాస్త నెమ్మదించావు" అంది. మంచి మాటగానే అంది.

ఆగస్టు 22, గురువారం మళ్ళీ తొమ్మిది నలభై బస్సెక్కాను. డ్రైవరు కొత్తతను. సిద్దప్ప నా దగ్గరికి వచ్చి, టికెట్టు ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు.

"శరణప్ప ఏడి?" అన్నాను.

"ఏముందమ్మా, సస్పెండ్ అయిండు. ఫోన్‌ల మాట్లాడుకుంట బండి నడిపిండని కేసు. ఛార్జిషీట్ పడిందంటే నౌకరి పోయినట్లే."

"అతను ఫోనులో మాట్లాడలేదని నీకు తెలియదూ? నువ్వెందుకు చెప్పలేదు?"

"నేను వెనక టికెట్లు కొడ్తున్న. చూడలేదన్న." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "ముందు సీట్ల కూర్చున్న నువ్వే నిద్రపోయిననంటివి. ఇగ నాకేం తెలుస్తదమ్మా?"

నా దగ్గర జవాబు లేకపోవడం సిద్దప్ప మొదటిసారి చూశాడు. అతనే సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 24, శనివారం ఉదయం పదకొండున్నరకి సిరవారలో శరణప్ప ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అతని భార్య బసవ్వ గుమ్మంలో జొన్నలు చెరుగుతోంది. నేను నా పేరు చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, లోపలికి చూసి, "ఈమేనా నీ రేడియో?" అంది.

శరణప్ప బయటికి వచ్చాడు. లుంగీలో, గడ్డంతో, యూనిఫారం లేకుండా అతన్ని ముఖాముఖి చూడడం అదే మొదలు. నాకు నాలుగు నెలలుగా తెలిసింది అతని మెడ వెనక భాగం.

"ఇంట్ల నేను రెండు మాటలంటే తల నొస్తదంటడు" అంది బసవ్వ. "బస్సుల మాత్రం ఆంధ్ర పురాణం వింటడు. విని ఏం బాగుపడ్డడో చూడు."

"బసవ్వా, నోరు మూయి. పెద్దమనిషి" అన్నాడు శరణప్ప.

"మూయకమ్మా. అను" అన్నాను నేను. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

నేను శరణప్పని అడిగాను, పోలీసులకి ఏం చెప్పావని.

"ఎవరో ఆగమని అరిచిండ్రు, అందుకే తొక్కిన అని చెప్పిన. ఎవరని అడిగిండ్రు. ఎరుక లేదన్న."

"ఎందుకలా అన్నావు? నేనని నీకు తెలుసు కదా."

"నిద్రపోయేటి మనిషి ఎట్ల అరుస్తదమ్మా?" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నాకు జవాబులు వచ్చు. అతను నిజంగానే అడిగాడు. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, నిద్రపోతున్నానని పోలీసులకి చెప్పాను. దాన్ని కాదంటే నన్ను అబద్ధాలకోరు అన్నట్టవుతుందని అతను ఊరుకున్నాడు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. నేను, "అయినా అంతసేపు నా కథలో ఉన్నవాడివి, అది కథలోని మాట అని ఎలా తెలియలేదు?" అని అడిగాను. అతను నేల చూశాడు.

"నువ్వు చెప్పేది నాకు సగం సమజ్ గాదమ్మా. నీది ఆంధ్ర తెలుగు, జల్ది జల్ది చెప్తవు. నడుమల పద్యాలు. ఎవరు ఎవరో, ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో తెల్వది."

"మరి ఊఁ అనేవాడివి?"

"మా అవ్వ గూడ గిట్లనే మాట్లాడుతుండె. ఊఁ అనకుంటే మనసు నొచ్చుకుంటుండె."

నేను నీళ్ళు తాగాను. బయట ఎవరిదో ట్రాక్టరు పోయింది. అప్పుడు అతనే, "ఆ రైలు ఆగిందా అమ్మా, మరి?" అన్నాడు.

"ఆగలేదు" అన్నాను. "ఆయన తర్వాతి రైల్లో వచ్చి, కాగితం ఇచ్చి, ఒక్క మాటా లేకుండా వెళ్ళిపోయాడు."

ఆగస్టు 25, ఆదివారం, అల్లుడూ అమ్మాయీ ఇద్దరూ మేలుకుని ఉన్న గంట చూసి మొత్తం చెప్పాను. అల్లుడు మంచం మీంచి దిగి, కుర్చీ తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని ఇరవై నిమిషాలు విన్నాడు. పెళ్ళయిన ఈ పంతొమ్మిదేళ్ళలో అతను నా మాట అంతసేపు వినడం అదే మొదలు. అంతా అయ్యాక, "అత్తయ్యా, కేసులో మీరు ఇరుక్కుంటారు" అన్నాడు. "ఇరుక్కోనీ" అన్నాను. మా అమ్మాయి ఏడ్చింది, "రోజూ బస్సులో తిరుగుతున్నావా? నాకెందుకు చెప్పలేదు?" అని. ఎప్పుడు చెప్పాలో నాకు తోచలేదు.

ఆగస్టు 26, సోమవారం సిరవార స్టేషనుకి వెళ్ళాను. సబ్ ఇన్‌స్పెక్టరు గారు ఫైలు తీసి చదివారు. పున్నమ్మ ఆసుపత్రిలో చెప్పింది: "డ్రైవరు ఊఁ ఊఁ అంటానే ఉన్నాడు, ఫోనులో ఎవరితోనో. అలా మాట్లాడతానే బ్రేకేసేశాడు." ఆమె కొడుకు ధర్మతేజ ఫిర్యాదు దాని మీదే పెట్టాడు. మరో ఏడుగురు ప్రయాణికులు కూడా డ్రైవరు "ఊఁ", "ఆమేలె" అనడం విన్నామన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెవిలో వైర్లున్నవాళ్ళకి కూడా డ్రైవరు నోరు తెరవడం వింత కాబట్టి అతని గొంతు వినబడింది. నా గొంతు ఎవరికీ వినబడలేదా అని అడిగాను. ఆయన కాగితాలు తిప్పి ఒకరి మాట చదివి వినిపించారు: "ముందు సీట్లో ఒక ముసలామె తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. రోజూ ఉండేదే."

నా గొంతు వాళ్ళకి ఇంజను శబ్దంలాంటిది. ఇంజను ఏమందని సాక్షిని ఎవరూ అడగరు.

"అజ్జీ, నిద్రపోతున్నానని నువ్వే చెప్పావు. ఇప్పుడు మార్చి చెబితే నీ మీదికి వస్తుంది" అన్నారు సబ్ ఇన్‌స్పెక్టరు గారు. కన్నడంలో అజ్జీ అంటే మామ్మ. రానివ్వండి అన్నాను. ఆయనే ఈ రోజు ఇక్కడికి రమ్మని రాసిచ్చారు.

కాబట్టి కోర్టు వారికి నేను చెప్పేది ఇది. బస్సు రాయచూరులో కదిలిన దగ్గర్నుంచి బ్రేకు పడేదాకా శరణప్ప ఫోను ముట్టలేదు. అతను ఊఁ అన్నది నాకు. ఆమేలె అన్నది నాకు. బ్రేకు తొక్కింది, ఆగండి అన్న నా కేక విని. ఆగమని ఎవరైనా అరిస్తే ఆపడం డ్రైవరు ధర్మం. ఎందుకు అరిచారని ఆలోచిస్తూ కూర్చుంటే అప్పుడు కదా అతని మీద కేసు పెట్టాలి. బోర్డు చదివి కూడా మాట్లాడింది నేను. అరిచింది నేను. నిద్రపోతున్నానని చెప్పింది నేను. పున్నమ్మ ఇంకా మంచం మీదే ఉంది. ఆమె తుంటికి కారణం రాయాల్సిన చోట శరణప్ప పేరు కొట్టేసి నా పేరు రాయండి. ఇంటిపేరు గుత్తికొండ, కొండకి డ కింద ఒత్తు లేదు.

ఇంతవరకూ రాసి ఇచ్చాను. మేజిస్ట్రేటు గారు కేశవులు గారి చేత పైకి చదివించుకుని విన్నారు. మధ్యలో ఆపలేదు. విని, ఒక విషయం చెప్పారు. ఈ క్షణం నుంచి నేను సాక్షిని, శరణప్ప ముద్దాయి. కేసు తేలేదాకా మేమిద్దరం మాట్లాడుకోకూడదు. మాట్లాడుకున్నామని తెలిస్తే, ఇద్దరూ కూడబలుక్కుని చెప్పారంటారు, ఈ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, అతని నౌకరీ పోతుంది.

ఎన్నాళ్ళని అడిగాను. చెప్పలేమన్నారు. రెండేళ్ళు, మూడేళ్ళు. ఒక్కోసారి ఇంకా పడుతుందట.

బాగున్నావా అని అడగడం కూడా కూడదా అన్నాను. కూడదన్నారు.

సరే అన్నాను.

ఈ రోజు అతన్ని కూడా కోర్టుకి పిలిచారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు, వచ్చేటప్పుడు చూశాను. గడ్డం గీసుకున్నాడు. మా అల్లుడు షిఫ్టు మార్చుకుని నన్ను తీసుకొచ్చాడు, కింద స్కూటరు మీద తల ఆనించి నిద్రపోతున్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు.

పైన ఉన్నదంతా నా ఇష్టంతో, నా చేత్తో, నా భాషలో రాశాను. తిరిగి చదువుకున్నాను. కొట్టివేతలు లేవు, కలిపినది లేదు, దాచినది లేదు. నాకు తెలిసినంతవరకు ఇది నిజం. దీని కింద సంతకం పెట్టాక, వరండా వైపు కాకుండా బయటికి ఇంకో గుమ్మం ఉందేమో కేశవులు గారిని అడిగి, అటు నుంచి వెళ్తాను.

(సంతకం)
గుత్తికొండ సీతారావమ్మ
3-9-2024, మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలు
రాయచూరు